నవ్వి లెక్క యడుగువారు

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మగపిల్లల కంటె ఆడుపిల్లలకే ఎక్కువగా వినిపించుట మన మందఱ మెఱిగినదే. పెద్దల యెదుట నవ్వరాదు, నలుగురిలో నవ్వరాదు, అధికారము గలవారిని చూచి యసలే నవ్వరాదు. నవ్విన వారికి చేటు కలుగునని ఈ సామెతకు మనము చెప్పుకొను నర్థము. కాని నవ్వు వలని చేటు నవ్విన వారికే కాదు, నవ్వులపాలైన వారికిని కలుగును. నవ్వులపాలైనవాడు అధికారములో నుండి తన ధర్మమును మఱచినవాడైనచో, ఆ చేటు వలన లోకమునకు మేలే కలుగవచ్చును. టెలివిజనునందు పరిపాలకులను పరిహసించు ప్రదర్శనములు కొన్ని దేశములలో ఈ పనిని చేసి చూపినవి. అవి యెట్లు చేసినవో, ఎచ్చట చేయలేకపోయినవో సోదరీమణులకు తెలుపుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఇది మనకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. సంస్కృత నాటకములలో రాజు ప్రక్కను విదూషకుడుండును. ఇతరులు చెప్పుటకు వెఱచు మాటను అతడు తిండిమాటల నడుమ జారవిడువగలడు. మన తోలుబొమ్మలాటలో రామరావణుల కథ జరుగుచుండగా నడుమ కేతిగాడును బంగారక్కయు తెరమీదికి వచ్చి, దేవతలను రాజులను ప్రక్కకు నెట్టి, ఊరివారి సంగతు లెత్తుకొని నవ్వింతురు. అయితే విదూషకుడు తినునది రాజుగారి యన్నము. తనకు అన్నము పెట్టువానిని అతడెంతవఱకు అనగలడు? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని చదివినచో ముందు చెప్పబోవు సంగతులు సులభముగా బోధపడును.

అమెరికా దేశమున కామెడీ సెంట్రల్ అను ఛానలులో 1996లో "డైలీ షో" యను కార్యక్రమము మొదలైనది. 1999 జనవరిలో జాన్ స్టూవర్టు అను హాస్యగాడు దానిని చేపట్టి 2015 ఆగస్టు వఱకు నడిపెను. చూచుటకది వార్తలు చదువు గదివలె నుండును. బల్ల, కోటు, ముందు కాగితములు, అన్నియు నట్లే. చెప్పునవి నిజమైన వార్తలే. చెప్పు తీరు మాత్రము పరిహాసము. అతని చేతిలోని ముఖ్యసాధనము వెక్కిరింత కాదు, పాత చిత్రములు. ఒక నాయకుడు నేడొక మాట చెప్పును. ఆ నాయకుడే మూడేండ్ల క్రిందట దానికి నేరుగా విరుద్ధమైన మాట చెప్పియుండును. స్టూవర్టు ఆ రెండింటిని ఒకదాని వెంట నొకటి చూపి, తానేమియు ననక, చూపరుల వంక చూచి యూరకుండును. నవ్వు దానంతట నదే వచ్చును.

ఈ పద్ధతి గృహిణులకు తెలియనిది కాదు. పాలవాడు నెలాఖరున వచ్చి ముప్పది దినములకును డబ్బు అడుగును. మనము గోడకు తగిలించిన క్యాలెండరు తీసి, అతడు రాని మూడు దినములకు చుట్టిన సున్నాలను చూపుదుము. కోపపడ నక్కఱలేదు, వాదింప నక్కఱలేదు. ఆ సున్నాలే మాటాడును. టెలివిజను హాస్యగాని పాత చిత్రములు అట్టి సున్నాలు. అధికారి మాటను ప్రజలు మఱచిపోవుదు రన్నదే అధికారికి ధైర్యము. మఱవనీయక పోవుటయే ఈ హాస్యమునకు బలము.

ఈ బలము ఎంత పని చేయగలదో 2010లో జరిగిన యొక సంగతి వలన తెలియును. 2001 సెప్టెంబరు 11వ తేదీన విమానములతో జరిగిన దాడిలో న్యూయార్కు నగరమందలి ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట భవనములు కూలినవి. ఆ దినమున ఆ దేశములో మూడుచోట్ల సుమారు 3,000 మంది మరణించిరి. శిథిలముల నడుమ బ్రతికినవారిని వెదకుటకును, శవములను తీయుటకును, కూలిన దానిని తొలగించుటకును అగ్నిమాపక దళమువారు, పోలీసులు, పనివారు, స్వచ్ఛంద సేవకులు నెలల తరబడి శ్రమించిరి. అచ్చటి దుమ్ములో సిమెంటు పొడి, గాజునార, ఆస్బెస్టాసు, సీసము మొదలగునవి కలిసియుండెను. ఆ దుమ్మును పీల్చినవారిలో అనేకులకు క్రమముగా ఊపిరితిత్తుల జబ్బులు వచ్చినవి. కొన్నియేండ్లకు క్యాన్సరులును బయటపడినవి. అచ్చట పనిచేసిన జేమ్సు జడ్రోగా యను పోలీసు ఉద్యోగి 2006 జనవరిలో మరణించెను. ఇట్టివారి వైద్యమునకును పరిహారమునకును సిద్ధపఱచిన బిల్లునకు అతని పేరే పెట్టిరి.

ఆ బిల్లు 2010 సెప్టెంబరులో ప్రతినిధుల సభలో నెగ్గినది. పై సభయగు సెనేటులో చర్చ ముగించి ముందుకు సాగవలెనన్న 100 మందిలో 60 మంది సమ్మతి కావలెను. డిసెంబరు 9వ తేదీన సమ్మతించినవారు 57 మంది మాత్రమే. పన్నుల తగ్గింపును పొడిగించు సంగతి తేలువఱకు మఱి యే బిల్లును సాగనీయమని రిపబ్లికను పక్షమువారు అంతకుముందే వ్రాతమూలముగా ప్రకటించి యుండిరి. ఇంత ఖర్చేల, దీనికి సొమ్ము తెచ్చు మార్గమిదియేనా, అను ఆక్షేపణలును వారికి గలవు. ఆ సభల కాలము కొలది దినములలో తీరిపోవును. తీరినచో ఆ బిల్లు మరల మొదటినుండి పుట్టవలసినదే. రోగులకు అంత వ్యవధి లేదు.

డిసెంబరు 16వ తేదీ ప్రదర్శనము ఆ యేటికి డైలీ షోకు కడపటిది. స్టూవర్టు దాని నంతయు ఈ యొక్క విషయమునకే కేటాయించెను. ఏటేట సెప్టెంబరు 11న ఈ వీరులను మఱవమని ప్రసంగించు పెద్దలే వారి వైద్యమునకు అడ్డుపడుటను చూపించెను. పెద్ద వార్తా సంస్థలు ఈ సంగతిని దాదాపు విడిచిపెట్టినవని ఎత్తిచూపెను. పిమ్మట ఆ దుమ్ములో పనిచేసి రోగగ్రస్తులైన నలుగురిని తన బల్లవద్ద వరుసగా కూర్చుండబెట్టి, సభ్యుల మాటలను వారికి వినిపించి, వారి సమాధానము నడిగెను. క్రిస్టమసు పండుగ దినములలో సభ నడుపుట ఆ పండుగకు అగౌరవమని ఒక సెనేటరు అనియుండెను. పండుగనాడు అగ్నిమాపక కేంద్రములో పనిచేయుట అగౌరవమని తలచువాడు న్యూయార్కులో ఒక్కడును దొరకడని ఆ నలుగురిలోని అగ్నిమాపకుడు శాంతముగా బదులు చెప్పెను. అందులో హాస్యమెంత? ఏమియు లేదనవచ్చును. హాస్యగాడు నవ్వించుట మాని ఊరకున్నప్పుడే ఆ పెద్దల మాట లెంత తేలికవో బయటపడినది.

ఆఱు దినములకు, డిసెంబరు 22వ తేదీన, ఆ బిల్లు రెండు సభలయందును నెగ్గినది. 2011 జనవరి 2వ తేదీన అధ్యక్షుడు ఒబామా సంతకము చేసెను. అయితే 740 కోట్ల డాలర్లని మొదట ఉద్దేశించిన మొత్తము రాజీలో సుమారు 430 కోట్లకు తగ్గినది. ఇది యంతయు హాస్యగాని ఘనతయే యనుట న్యాయము కాదు. ఆ రోగులును వారి కుటుంబములవారును ఏండ్ల తరబడి రాజధానికి తిరిగిరి. న్యూయార్కు సెనేటర్లును నగరాధ్యక్షుడును పట్టుదలతో పనిచేసిరి. వారు ప్రోగుచేసిన కట్టెలకు ఇతడు నిప్పంటించె ననుట సరియైన మాట. ఆ నిప్పునకై వారు కాచుకొని యున్నారన్నదియు నిజమే.

కథ యచ్చటితో ముగియలేదు. వైద్యసహాయము కొన్నియేండ్లకే మంజూరైనది కావున గడువు తీరుచుండగా 2015లో మరల పోరాటము తప్పలేదు. అప్పటికి స్టూవర్టు ఆ కార్యక్రమమును విడిచియుండెను. ఆ డిసెంబరులో తన తరువాత దానిని నడుపుచున్న ట్రెవర్ నోవా వద్దకు అతిథిగా వచ్చి, 2010లో కూర్చున్న నలుగురిని మరల కూర్చుండబెట్ట బూనెను. వచ్చినవాడొక్కడే. ఇద్దఱు జబ్బుచేత రాలేకపోయిరి. ఒకడు మరణించెను. మూడు కుర్చీలు ఖాళీగా నుండెను. ఆ మూడు ఖాళీ కుర్చీలను చూచిన వారికి గణాంకములతో పనియేమి? ఆ నెలలోనే వైద్యసహాయమును 2090 వఱకు పొడిగించిరి. పరిహారనిధిని మాత్రము అయిదేండ్లకే పొడిగించిరి.

ఆ నిధిలో సొమ్ము చాలక 2019లో పరిహారములను తగ్గింపవలసి వచ్చినది. జూన్ 11వ తేదీన స్టూవర్టు ప్రతినిధుల సభకు చెందిన యొక ఉపసంఘము ఎదుట సాక్ష్యము చెప్పుచు, తన వెనుక రోగులతో నిండిన గదిని, తన ముందు ఖాళీగానున్న సభ్యుల కుర్చీలను చూపి నిలదీసెను. ఉపసంఘ సభ్యులు పలువురు వచ్చి పోవుచునే యుండిరని పిమ్మట సమాధానము వచ్చినది. అది యెట్లున్నను దేశమంతయు ఆ కుర్చీలను చూచినది. అతని ప్రక్కను కూర్చుండి సాక్ష్యము చెప్పిన లూయీ ఆల్వరేజు అను పోలీసు డిటెక్టివు ఆ నెల 29వ తేదీననే క్యాన్సరుతో కన్నుమూసెను. జూలైలో ఆ బిల్లు ప్రతినిధుల సభలో 402 మందికి 12 మంది, సెనేటులో 97 మందికి ఇద్దఱు మాత్రమే వ్యతిరేకులుగా నెగ్గి, 29వ తేదీన చట్టమైనది. 2010లో 60 మంది దొరకని సభలో 2019లో 97 మంది దొరికిరి. నడుమ తొమ్మిదేండ్లు గడచినవి. ఆ తొమ్మిదేండ్లును మఱవక వెంటబడుటయే ఈ జయమునకు మూలము. నవ్వు ఒక దినపు పని. లెక్క యడుగుట ఏండ్ల పని.

ఇంతవఱకు చదివి, హాస్యగాడు పూనుకొన్న చాలును, అధికారులు దారికి వత్తురని తలచునెడల పొరపడుదుము. హాస్యగాని నోటికి తాళము వేయరాదను చట్టమును, ఆ చట్టమును నిలుపు న్యాయస్థానములును ఉన్నచోటనే ఈ పని సాగును. లేనిచోట నేమగునో ఈజిప్టు దేశపు కథ చెప్పును.

కైరో నగరమున బాసెం యూసఫ్ అను గుండె శస్త్రవైద్యుడుండెను. 2011లో ముబారకు ముప్పదియేండ్ల పాలన కూలిన తరువాత అతడు తన యింటిలో బట్టలుతుకు గదిలో కూర్చుండి, స్టూవర్టు ననుసరించి చిన్న చిన్న పరిహాస చిత్రములు తీసి యూట్యూబులో పెట్టెను. వానికి కలిగిన యాదరణము చూచి టెలివిజనువారు పిలిచిరి. ఆ కార్యక్రమపు పేరు "అల్ బర్నామెగ్", అనగా "కార్యక్రమము" అనియే. 2012లో అధ్యక్షుడైన మోర్సీని అతడు వారము వారము పరిహసింపగా, 2013 మార్చి చివర అతనిని నిర్బంధింప ఉత్తరువు పుట్టినది. అధ్యక్షునిని, మతమును కూడ అవమానించెనని అభియోగము. విదేశములో గౌరవపట్టము పుచ్చుకొనునప్పుడు మోర్సీ ధరించిన టోపీని పోలిన పెద్ద టోపీ నెత్తిన పెట్టుకొని యూసఫు విచారణకు వెళ్లెను! 15,000 పౌనుల జామీనుపై విడిచిరి.

ఆ జూలైలో సైన్యము మోర్సీని పదవినుండి తొలగించెను. మోర్సీని పరిహసించినపుడు చప్పట్లు చఱచినవారు ఇతడు మనవాడే యని తలచిరి. అక్టోబరు 25వ తేదీన యూసఫు మరల తెరమీదికి వచ్చి, సేనాపతికి జనులు చేయు భజనను పరిహసించెను. తరువాతి వారమే ఛానలువారు కార్యక్రమము నాపివేసిరి. 2014లో మఱియొక ఛానలులో కొంతకాలము నడచి, ఆ జూన్‌లో తనకును తన కుటుంబమునకును అపాయమని చెప్పి అతడే ముగించెను. ఆ యేడే దేశమును విడిచెను. పొరుగువానిని చూచి నవ్వినపుడు సంతసించి, తన వంతు రాగానే నొచ్చుకొనువాడు హాస్యమును ప్రేమించినవాడు కాడు. శత్రువు పరాభవమును మాత్రమే ప్రేమించినవాడు. మనలోనను ఇట్టివారు లేకపోలేదు. మన పక్షపు నాయకుని పరిహసించినపుడు మన ముఖములెట్లుండునో అద్దములో చూచుకొనుట మంచిది.

మన దేశపు సంగతి యేమని అడుగుదురేమో. 1989లో దూరదర్శన్‌లో జస్‌పాల్ భట్టీ "ఫ్లాప్ షో" యను పేర పది భాగముల ధారావాహికము నడిపెను. ఆయన చండీగఢ్‌లో చదివిన ఇంజనీరు. భార్య సవితా భట్టీ అందులో ఆయనతో కూడ నటించుటయే కాక నిర్మాణ భారమును వహించెను. దొంగ వైద్యపు బిల్లులు పెట్టి ప్రభుత్వపు సొమ్ము తిను గుమాస్తా, పలుకని టెలిఫోను, శిష్యునిచేత ఇంటిచాకిరి చేయించుకొను విశ్వవిద్యాలయపు గురువు, నాసిరకపు పని చేయు కంట్రాక్టరు, ఇట్టివారందఱు అందు కనబడుదురు. అప్పుడు దూరదర్శన్ పూర్తిగా ప్రభుత్వపు చేతిలోనిది. ప్రసార భారతి యేర్పడినది 1997లో. ఇచ్చటనే విదూషకుని యన్నము సంగతి జ్ఞప్తికి రావలెను. రాజుగారి యన్నము తినుచు ఆయన రాజును విడిచి పరివారమును నవ్వులపాలు చేసెను. అమాత్యులను పేరుపెట్టి నిలదీయుట ఆ ప్రదర్శనపు తీరు కాదు. ఐనను అందులోని గుమాస్తాను చూచి తమ కచేరీలోని గుమాస్తాను పోల్చుకొననివారు లేరు. లంచము మామూలే యని తలవంచుకొని పోవువానికి, అది మామూలు కాదు, సిగ్గుపడవలసిన పని యని నవ్వుచు చెప్పుటయు ఒక సేవయే. భట్టీ 2012 అక్టోబరు 25న మరణించెను. మఱుసటి యేట ప్రభుత్వమే ఆయనకు పద్మభూషణ బిరుదము నిచ్చి గౌరవించెను.

ఇక ఈ హాస్యమున దోషములు లేవా? కలవు. మొదటిది, పనిని విడిచి మేనిని వెక్కిరించుట. అధికారములోనున్న స్త్రీ విషయమున ఇది మఱింత అధికము. ఆమె సంతకము చేసిన కాగితమును గూర్చి కాక, ఆమె చీరను, లావును, గొంతును గూర్చి నవ్వింతురు. అట్టి నవ్వు వలన ఆ కాగితమునకు ఏ హానియు కలుగదు. అధికారములోనికి రాదలచిన మఱి పదిమంది స్త్రీలు మాత్రము వెనుకకు తగ్గుదురు. రెండవది, అందఱు దొంగలే యను బోధ. అందఱు దొంగలే యైనచో ఓటు వేయుటకు పోనేల, అర్జీ పెట్టనేల యని జనులు ఇంట కూర్చుందురు. దొంగకు కావలసినదియు నదియే. మూడవది, మాటకు ముందు వెనుకలు కత్తిరించి చూపుట. నవ్వులో కలిపిన యబద్ధము తేనెలో కలిపిన విషమువంటిది, నాలుకకు తెలియదు.

కావున ఇట్టి ప్రదర్శనమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ నవ్వు బలవంతునిపైనా, బలహీనునిపైనా? వాని చేతపైనా, రూపుపైనా? చెప్పినదానికి ఋజువు చూపినారా? మూడింటికిని సరియైన సమాధానము దొరికినచో పిల్లలను పిలిచి ప్రక్కను కూర్చుండబెట్టుకొని చూడవచ్చును. బడిలో పౌరధర్మములను వల్లించు బాలునకు, పాఠములోని మాటలకు ప్రాణమెట్లు వచ్చునో అచ్చట కనబడును. సెనేటు, బిల్లు, ఓటు అనునవి పరీక్షకొఱకు పుట్టిన పదములు కావనియు, ఒక రోగి ఊపిరి వానిపై ఆధారపడియుండు ననియు వాడు గ్రహించును.

ఒక్కటి మాత్రము మఱవరాదు. హాస్యగాడు దీపము చూపును గాని దొంగను పట్టుకొనడు. నవ్వి టెలివిజను కట్టివేసి నిద్రించినచో దీపమును ఆర్పివేసినట్లే. రేషను కొట్టులో తూకము తగ్గినను, వీధి కుళాయి నెలల తరబడి రాకున్నను, పింఛను కాగితము కచేరీలో కదలకున్నను లెక్క యడుగవలసినవారు మనమే. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ప్రకారము పదిరూపాయల రుసుముతో ఒక అర్జీ వ్రాసి అధికారిని అడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో ఆయన బదులీయవలెను. వాగ్దానము చేసిన తేదీని క్యాలెండరుపై వ్రాసికొని, గడచిన దినములకు సున్నాలు చుట్టుట మనకు అలవాటే గదా. పాలవానిని అడిగినట్లే పాలకుని గూడ అడుగుదము. నవ్వుచు నడిగినను తప్పులేదు.